చూసీ చూడనట్టు: అనిమే మేళాల్లో ఫ్యానార్ట్ అమ్మకం

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో ఆ వారం ఎవరూ డైనింగ్ టేబుల్ మీద అన్నం తినలేదు. తినడానికి చోటు లేదు. ఒక పక్క స్టికర్ షీట్లు, ఒక పక్క బటన్ బ్యాడ్జీలు, ఇంకో పక్క సుల్తాన్‌పేటలో పెళ్లికార్డుల కొట్ల మధ్య వెతికి తెచ్చిన మందపాటి కాగితం. మా అక్క కూతురు అనంతపురం నుంచి డిజైన్ చదవడానికి వచ్చి మా దగ్గరే ఉంటోంది. వైట్‌ఫీల్డ్ వైపు జరిగే ఒక అనిమే మేళాలో, అంటే జపాన్ యానిమేషన్ కథల అభిమానుల మేళాలో, ఆర్టిస్ట్ ఆలీలో, దానికి మొదటిసారి టేబుల్ దొరికింది. ఆర్టిస్ట్ ఆలీ అంటే కంపెనీ స్టాళ్లకు దూరంగా, బొమ్మలు గీసేవాళ్లు తలా ఒక బల్ల వేసుకుని తమ ప్రింట్లు తామే అమ్ముకునే వరస. మా పిల్ల అమ్మబోయేది ఎక్కువగా ఫ్యానార్ట్, అంటే తనకిష్టమైన అనిమే పాత్రల్ని అభిమానిగా తన చేత్తో గీసిన బొమ్మలు.

అనంతపురం నుంచి బావ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టింది.

“ఆ జపానోళ్ల బొమ్మలు నువ్వు గీసి అమ్మితే వాళ్లు ఊరుకుంటారా? పోలీసులొస్తే?”

“అందరూ అమ్ముతారు నాన్నా.”

“అందరూ సిగ్నల్ దాటుతారు. చలానా మాత్రం నీకే వస్తుంది.”

“పిన్నీ, నువ్వు చెప్పు.”

నేనొక కంపెనీలో కాంట్రాక్టులు చదివే ఉద్యోగం చేస్తాను. వకీలును కాను, కానీ మా ఇంట్లో స్టాంపు పేపరు వాసన తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అప్పటికప్పుడు చెప్పిన జవాబు ఇది: చట్టం పుస్తకం తెరిస్తే బావ చెప్పింది నిజం. హాల్లోకి వెళ్లి చూస్తే పిల్ల చెప్పింది నిజం. ఈ రెండు నిజాల మధ్య ఉన్నది అనుమతి కాదు, ఊరుకోవడం. హక్కున్నవాడు చూసీ చూడనట్టు ఊరుకోవడం. ఎందుకు ఊరుకుంటున్నారో, ఎక్కడిదాకా ఊరుకుంటారో తెలియకుండా టేబుల్ వేసుకోవడమే అసలు ప్రమాదం.

ముందు పుస్తకం సంగతి.

జనవరిలో కుమారకృప రోడ్డు మీద కర్ణాటక చిత్రకళా పరిషత్తు వాళ్ల చిత్రసంతె జరుగుతుంది. 2003 నుంచి జరుగుతోంది. ఆ రోడ్డు పొడుగునా వందల వినాయకులుంటారు. ఏ చిత్రకారుడూ పక్కవాడితో “వినాయకుడు నావాడు” అని తగువు పెట్టుకోడు. ఏనుగు తల, తొండం, బొజ్జ, ఎలుక ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ వరసలో ఒకాయన వేసిన ఒక వినాయకుణ్ణి, అదే భంగిమ, అదే రంగులు, అదే గీత, ఫోన్లో ఫోటో తీసుకుపోయి పోస్టర్లు వేశారనుకోండి, అది ఆయన సొమ్ము దొంగిలించడమే. ఊహకు యజమాని లేడు, ఆ ఊహకు ఒకరిచ్చిన రూపానికి ఉన్నాడు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో మన సుప్రీంకోర్టు తేల్చింది ఇదే.

అనిమే దగ్గర చిక్కేమిటంటే, అక్కడ పురాణం లేదు. గడ్డి టోపీ పెట్టుకున్న సముద్రపు దొంగ అన్న ఊహ ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ఎర్ర చొక్కా, కంటి కింద గాటు, ఆ నవ్వు, ఆ టోపీ అన్నీ కలిస్తే అది వన్ పీస్ కథానాయకుడు లుఫీయే, ఇంకెవరూ కాదు. ఆ రూపం పుట్టింది ఒక మనిషి చేతిలో, ఆ మనిషి బతికే ఉన్నాడు. మన దేశంలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. జపాన్‌లో 2018 డిసెంబర్ నుంచి ఆపైన 70 ఏళ్లు. విదేశీ బొమ్మ కదా, మన చట్టానికేం పని అనడానికీ లేదు. రెండు దేశాలూ బెర్న్ ఒప్పందంలో ఉన్నాయి. టోక్యోలో గీసిన బొమ్మకు బెంగళూరులోనూ ఇక్కడి బొమ్మకున్న రక్షణే ఉంది.

పాత్ర రూపం మీద మన కోర్టులు ఎలా ఆలోచిస్తాయో చూడాలంటే జపాన్ దాకా పోనక్కర్లేదు. 1990ల్లో నాగరాజ్ కామిక్స్ వేసే ప్రచురణకర్తలు, నాగేశ్ అనే ఇంకో పాముల హీరోను దింపిన పోటీ ప్రచురణకర్తల మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. ఆకుపచ్చ ఒళ్లు, పాముల శక్తి, పేరులో పోలిక చూసి కోర్టు నాగేశ్‌ను ఆపింది. గీసిన చేయి వేరు, కథ వేరు, అయినా కోర్టు ఒప్పుకోలేదు.

కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 14 చిత్రకారుడికే చెందిన పనుల్ని వరసగా చెబుతుంది: నకళ్లు తీయడం, జనంలోకి వదలడం, మార్చి వేరే రూపమివ్వడం. కాగితం మీది బొమ్మను మూడు కొలతల వస్తువుగా చేయడం కూడా అందులో ఉంది. అంటే మా పక్క టేబుల్ అమ్మాయి ఊలుతో అల్లిన టొటొరో, గిబ్లీ స్టూడియో సినిమాలోని ఆ బొద్దు జంతువు, కూడా ఆ లెక్కలోకే వస్తుంది. “నేను ట్రేస్ చేయలేదు, నా చేత్తో గీశాను, భంగిమ నాది” అనే మాట గౌరవంగా ఉంటుంది గానీ చట్టం ముందు పూర్తి రక్షణ కాదు. మార్చినా మార్చడానికి అనుమతి కావాలి. 30 శాతం మారిస్తే చాలన్న మాట ఆర్టిస్టుల గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అలాంటి కొలబద్ద ఏ చట్టంలోనూ లేదు. కింద “క్రెడిట్స్ అసలు యజమానికే” అని రాయడం మర్యాదే, కానీ అనుమతి కాదు. నిజానికి అది ఎదురు తిరుగుతుంది కూడా: యజమాని ఎవరో నీకు తెలుసని నువ్వే రాసిచ్చినట్టు.

ఇక ఫెయిర్ యూజ్. యూట్యూబ్ చూసి పెరిగిన పిల్లలందరి నోటా ఉండే మాట ఇది. అది అమెరికా సరుకు. అక్కడి కోర్టులు నాలుగు ప్రశ్నలు వేసుకుని, వాడుక ఏ ఉద్దేశంతో, అసలు దాని బజారుకు ఎంత దెబ్బ అని తూచి చెబుతాయి. అక్కడే 2023లో వార్‌హోల్ కేసులో సుప్రీంకోర్టు పగ్గాలు బిగించింది: గాయకుడు ప్రిన్స్ ఫోటో మీద వార్‌హోల్ అంతటివాడు రంగులు వేసినా, పత్రికకు అమ్మే దగ్గర అదీ ఇదీ ఒకే పని చేస్తున్నాయి కాబట్టి చెల్లదంది. మనదగ్గర ఉన్నది ఇంకా ఇరుకైన వాకిలి. సెక్షన్ 52 కింద న్యాయమైన వాడుక అంటే సొంతానికి వాడుకోవడం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు. గది గోడకు అంటించుకోవడానికి గీసుకుంటే ఏ గొడవా లేదు. సిరీస్ గురించి సమీక్ష రాస్తూ బొమ్మ వేస్తే సమర్థించుకోవచ్చు. వంద రూపాయల ప్రింట్ ఈ ఖానాల్లో దేంట్లోనూ ఇమడదు.

ఉచితంగా పంచితే? ఇక్కడ చాలామంది పొరబడతారు. డబ్బు తీసుకోలేదు కాబట్టి సొంతానికి వాడినట్టే అనుకుంటారు. ఇన్‌స్టాలో పెట్టడం, మేళాలో పాత్రల వేషాలు వేసుకొచ్చే కాస్‌ప్లేయర్లకు స్టికర్లు చేతిలో పెట్టడం కూడా జనంలోకి వదలడమే. తేడా శిక్ష దగ్గర వస్తుంది. సెక్షన్ 63 కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారంలో లాభం కోసం చేసింది కాకపోతే తగ్గించే వెసులుబాటు జడ్జికి ఉంది.

బావ అడిగిన పోలీసుల ప్రశ్నకు జవాబు కూడా ఈ సెక్షన్‌లోనే ఉంది, అది నాకు నచ్చని జవాబు. 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు, ఈ నేరం కాగ్నిజబుల్, బెయిలు హక్కుగా దొరకనిది అని చెప్పింది. అంటే పోలీసులు వారంటు లేకుండా కదలొచ్చు. ఎస్సై స్థాయి అధికారికి నకళ్లను స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 64లో ముందునుంచీ ఉంది. ఇది బావకు చెప్పలేదు. చెబితే ఆ రాత్రే బస్సెక్కి వచ్చేవాడు.

ఇంత కఠినంగా ఉంటే మరి హాలు నిండా ఆ టేబుళ్లు ఎలా నడుస్తున్నాయి?

తెలుగువాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక, ఎందుకంటే మనం ఈ ఊరుకోవడం మధ్యే పెరిగాం. హీరో సినిమా రిలీజైతే థియేటర్ ముందు యాభై అడుగుల కటౌటు లేస్తుంది. ఊరూరా ఫ్లెక్సీలు. అందులో వాడిన స్టిల్ ఎవరిది, ఎవరి అనుమతి తీసుకున్నారు అని అడిగిన నిర్మాతను నేను చూడలేదు. పుట్టినరోజుకు అభిమాన సంఘం టీషర్టులు వేసి పంచుతుంది. నిర్మాతకు అది పైసా ఖర్చు లేని ప్రచారం. అభిమాని మీద కేసు పెడితే ఊళ్లో పరువు పోతుంది. అందుకే ఊరుకుంటారు. అయితే అదే బొమ్మ సరుకుగా మారి, ముక్కూ మొహం తెలియని వాళ్ల వెబ్‌సైట్లలో అమ్ముడుపోవడం మొదలయ్యాక మౌనం చెదిరింది. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు, చిరంజీవి హైదరాబాద్‌లో సివిల్ కోర్టుకు వెళ్లి, తమ పేరు, రూపం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అది కాపీరైట్ కాదు, వ్యక్తిత్వ హక్కు. కానీ మౌనం ఎక్కడ తెగుతుందో చూపించే గుర్తు రెండింట్లోనూ ఒకటే.

జపాన్‌లో ఈ ఊరుకోవడానికి యాభై ఏళ్ల చరిత్ర, ఒక పద్ధతి ఉన్నాయి. అభిమానులు సొంతంగా అచ్చేసుకునే పుస్తకాన్ని డోజిన్షి అంటారు. 1975 డిసెంబర్ 21న టోక్యోలో మొదటి కామిక్ మార్కెట్ జరిగింది, అందరూ పిలిచే పేరు కొమికెట్. 32 బృందాలు, ఓ 700 మంది జనం. 2019 డిసెంబర్‌లో అదే కొమికెట్‌కు నాలుగు రోజుల్లో సుమారు 7.5 లక్షల మంది వచ్చారు. ఇంత పెద్దదైనా అక్కడి భాష చూడండి: అమ్మేవాడు, కొనేవాడు అనరు, అందరూ పాల్గొనేవాళ్లే. అమ్మకం అనరు, పంపిణీ అంటారు. మాటల గారడీ అని కొట్టిపారేయొచ్చు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆ మాట ధర మీద, సంఖ్య మీద, ప్రవర్తన మీద ఒక కళ్లెంలా పనిచేస్తుంది. ప్రతి పుస్తకం ఒక ప్రతి నిర్వాహకులకు ఇచ్చి చూపించాకే బల్ల మీద పెట్టాలి.

ప్రచురణ సంస్థలకూ లాభముంది. డోజిన్షి బల్లల దగ్గరే రేపటి కళాకారులు దొరుకుతారు. మాంగా, అంటే జపాన్ కామిక్స్, గీసే క్లాంప్ అనే ప్రఖ్యాత బృందం మొదలైంది డోజిన్షి బృందంగానే. సొంత కథలకే చోటిచ్చే కొమిటియా అనే ఇంకో మేళాలో పత్రికల ఎడిటర్లు స్వయంగా బల్లలు వేసుకుని కూర్చుని కొత్తవాళ్ల పేజీలు చూస్తారు.

ఇక చట్టం వైపు. జపాన్‌లో కాపీరైట్ ఉల్లంఘనకు పదేళ్ల దాకా జైలు, మనకంటే ఎక్కువే. కానీ చాలాకాలం హక్కుదారు ఫిర్యాదు చేస్తేనే కేసు. యజమాని ఊరుకుంటే ప్రభుత్వమూ ఊరుకోవాల్సిందే. వాణిజ్య ఒప్పందం కోసం 2018 డిసెంబర్ 30 నుంచి ఈ నియమం మార్చాల్సి వచ్చింది. అప్పుడు డోజిన్షి లోకం వణికింది. చివరికి చేసిందేమిటంటే, ఫిర్యాదు లేకుండా కేసు పెట్టాలంటే మూడు షరతులూ ఉండాలన్నారు: లాభం కోసం చేసి ఉండాలి, అసలు దాన్ని ఉన్నదున్నట్టు దించి ఉండాలి, అసలు యజమాని ఆదాయానికి గండి పడి ఉండాలి. తన సొంత గీతతో, సొంత కథతో వేసిన పేరడీ పుస్తకం ఇందులో పడదు. అంటే అక్కడ ఊరుకోవడానికి చట్టంలోనే ఒక అరుగు కట్టారు. మనదగ్గర ఆ అరుగు లేదు. మన టేబుళ్లు జపాన్ వాళ్ల ఓపిక మీద, మన పోలీసులకు వేరే పనులుండటం మీద ఆధారపడి నడుస్తున్నాయి.

అక్కడైనా ఓపికకు హద్దుంది. 1999లో పోకెమాన్ పాత్రలతో పెద్దలకు మాత్రమే అనదగ్గ డోజిన్షి అమ్మిన ఒక మహిళను నింటెండో ఫిర్యాదు మీద అరెస్టు చేశారు. పిల్లల పాత్రకు మచ్చ అన్నదే అక్కడ కోపం. ఇంకోటి నాకు బాగా ఆసక్తిగా అనిపించేది డోరేమాన్ సంగతి. ఆ కథకు రచయిత ముగింపు రాయకుండానే పోయాడు. ఒక అభిమాని తన ఊహతో చివరి కథ గీశాడు. ఎంత బాగా గీశాడంటే, పుస్తకం రూపు కూడా ఎంత అసలుదానిలా ఉందంటే, చాలామంది అదే నిజమైన ముగింపు అనుకున్నారు. సుమారు 13 వేల ప్రతులు పోయాయి. 2007లో ఆ అభిమాని ప్రచురణ సంస్థకు క్షమాపణ చెప్పి, లాభంలో కొంత కట్టాల్సి వచ్చింది. కొమికెట్‌లో డోరేమాన్ గీసినవాళ్లు అంతకుముందూ ఉన్నారు. ఇతని తప్పు గీయడం కాదు, అసలుదాని కుర్చీలో కూర్చోవడం. అలాంటి సంఖ్యలో అమ్మడం.

బొమ్మల విగ్రహాల విషయంలో జపాన్ వాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. వండర్ ఫెస్టివల్ అని గ్యారేజ్ కిట్‌ల మేళా ఉంది, అభిమానులు చేత్తో పోతపోసిన విగ్రహాలు అమ్ముతారు. అక్కడ ఒక్కరోజు లైసెన్సు ఇస్తారు. ముందే దరఖాస్తు పెట్టి, నమూనా చూపించి, కొంత రాయల్టీ కట్టి, ఆ ఒక్క రోజు, ఆ ఒక్క హాల్లో, చెప్పినన్ని ముక్కలే అమ్మాలి. కాగితం పుస్తకాన్ని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు విగ్రహానికి ఎందుకింత కట్టుదిట్టం? ఎందుకంటే కంపెనీ తానే విగ్రహాలు అమ్ముకుంటుంది. డోజిన్షి అసలు మాంగాకు బదులు కాదు. విగ్రహం విగ్రహానికి బదులు.

బెంగళూరులో టేబుల్ వేసుకునేవాళ్లు గుండెల్లో రాసుకోవాల్సింది ఇదే అనుకుంటాను. ప్రశ్న “ఎవరి బొమ్మ” అన్నదొక్కటే కాదు, “ఏ వస్తువు మీద” అన్నది కూడా. ఒకప్పుడు మనదగ్గర అసలు సరుకు దొరకడం అరుదు. 2011లో ఢిల్లీలో, 2012లో బెంగళూరులో కామిక్ కాన్ అనే కామిక్స్ మేళా మొదలైనప్పుడు అభిమాని అమ్మే కీచెయిన్‌కు పోటీ వచ్చే అసలు కీచెయిన్ ఊళ్లో దొరకడమే కష్టం. ఇప్పుడు అలా కాదు. క్రంచీరోల్ అనే స్ట్రీమింగ్ సైటులో అనిమే తెలుగు మాటలతో వస్తోంది. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ అనే అనిమే సినిమా మన థియేటర్లలో తెలుగులోనూ ఆడింది. సినిమా వెనకే లైసెన్సు టీషర్టులు, విగ్రహాలు, కప్పులు వస్తాయి. ఒకే హాల్లో ఈ చివర లైసెన్సు కట్టిన స్టాలు, ఆ చివర ఆర్టిస్ట్ ఆలీ. లైసెన్సు కట్టినవాడు నిర్వాహకుల దగ్గరికెళ్లి “నేను డబ్బు కట్టి తెచ్చిన ముఖమే అక్కడ సగం ధరకు అమ్ముతున్నారు” అంటే వాళ్లేం చెబుతారు? మౌనం తెగేది టోక్యో నుంచి కాదు, ఆ పక్క వరస నుంచి.

మేం కూర్చున్న మేళాలోనే చూశాను. మొదటి రోజు మధ్యాహ్నం మెడలో పాసు వేసుకున్న ఒకబ్బాయి వచ్చి, మా ఎదుటి వరసలో ఒకరి టేబుల్ మీది టీషర్టులు, సిరీస్ పేరు లోగో అచ్చుతో ఉన్నవి, లోపల పెట్టేయమన్నాడు. గొడవేం లేదు, మర్యాదగానే చెప్పాడు. అదే టేబుల్ మీది చేత్తో గీసిన ప్రింట్ల జోలికి పోలేదు. లోగో దగ్గర ఇంకో చట్టం కూడా ఉంది మరి, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. పేరు, గుర్తు అచ్చువేస్తే కొనేవాడు అది కంపెనీ సరుకే అనుకునే వీలుంటుంది. మా పిల్ల ముందు రాత్రి అలిగి కూర్చున్నా సరే, నేను పట్టుబట్టి సిరీస్ లోగో ఉన్న ఆరు డిజైన్లు తీయించాను. ఆ మధ్యాహ్నం నా వంక చూసింది. ఏం అనలేదు. నేనూ ఏం అనలేదు.

అనుమతే అడగొచ్చు కదా అంటారా? అడగండి, ఎవరిని అడుగుతారు? చాలా అనిమేలకు యజమాని ఒక్కరు కాదు. ప్రచురణ సంస్థ, టీవీ ఛానెల్, ప్రకటనల సంస్థ, బొమ్మల కంపెనీ కలిసి నిర్మాణ కమిటీగా ఏర్పడతాయి. హక్కులు వాళ్ల మధ్య ముక్కలుగా ఉంటాయి. యాభై స్టికర్ల కోసం అనంతపురం అమ్మాయి రాసిన ఈమెయిలుకు వాళ్లలో ఎవరూ జవాబివ్వరు. పైగా ఊరుకునేవాణ్ణి అడిగితే ఇరకాటంలో పెట్టినట్టే. చూసీ చూడనట్టు ఉన్నవాడు, చూపిస్తే చూడక తప్పదు.

కొందరు మాత్రం ముందే తలుపు తీసి పెట్టారు, ఈ సంగతి మన పిల్లలకు తక్కువ తెలుసు. తోహో ప్రాజెక్ట్ అనే ఆటల వరస సృష్టికర్త అభిమానుల సృష్టికి నియమాలు రాసి మరీ అనుమతిచ్చాడు, దాంతో ఆ పాత్రల చుట్టూ ఒక లోకమే పుట్టింది. 2007లో వచ్చిన హత్సునే మికు, పాటలు పాడే సాఫ్ట్‌వేర్‌కు ముఖంగా గీసిన పాత్ర, దాని యజమాని సంస్థ క్రిప్టన్, లాభం చూసుకోని వాడుకకు ప్రత్యేక లైసెన్సే ఇచ్చింది. గెన్షిన్ ఇంపాక్ట్ అనే వీడియో గేమ్ తీసిన హోయోవర్స్, అభిమానులు చేసే వస్తువులకు నియమావళి ప్రకటించింది. ఏ పాత్ర గీయాలో ఎంచుకునేముందు ఆ సంస్థ సైటులో పది నిమిషాలు చదివితే, ఓపిక మీద ఆధారపడే పని కొంతైనా మాట మీద ఆధారపడే పనిగా మారుతుంది. మా పిల్ల టేబుల్ మీద చివరికి ఎక్కువ చోటు మికుకే దొరికింది. ధర కాగితానికి, అచ్చుకు, ప్యాకింగ్‌కు సరిపోయేంతే పెట్టించాను. అది నచ్చక కాస్త సణిగింది.

కాపీరైట్ గురించి ఇంత మాట్లాడుకునేవాళ్లు మర్చిపోయే ఇంకో చట్టముంది, జీఎస్టీ. బెంగళూరులో ఉండేవాళ్లు ఏడాదికి 40 లక్షల లోపు సరుకు రాష్ట్రంలోనే అమ్ముకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రెండు రోజుల కోసం వచ్చి బల్ల వేస్తే, కర్ణాటకలో స్థిరమైన చోటు లేదు కాబట్టి క్యాజువల్ పన్నుదారు అవుతారు. వాళ్లకు ఆ 40 లక్షల మినహాయింపు వర్తించదు. కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు, అంచనా పన్ను ముందే కట్టడం, రిజిస్ట్రేషన్ గడువు 90 రోజుల దాకా. నోటిఫై చేసిన చేతివృత్తుల వస్తువులకు సడలింపుంది, కానీ డిజిటల్ ప్రింటును చేతివృత్తి అని ఒప్పించడం కష్టం. వాళ్ల ఊరి నుంచి వచ్చే స్నేహితులకు చెప్పమన్నాను. “పిన్నీ, ఇది లుఫీ కంటే భయంగా ఉంది” అంది.

రెండో రోజు పొద్దున ఇంకో గొడవ. తను మూడు నెలల కిందట ఇన్‌స్టాలో పెట్టిన ఒక బొమ్మ, ఎవరో ఆన్‌లైన్ అమ్మకందారు టీషర్టు మీద ఉందని స్నేహితురాలు లింకు పంపింది. సంతకం చెరిపేసి ఉంది. ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు నాకు చెప్పక తప్పలేదు: ఇంకొకరి పాత్ర మీద గీసినప్పుడు, “నా బొమ్మ దొంగిలించారు” అనే మాట ఎంత న్యాయమైనదో అంత బలహీనమైనది. గీత నీది, ముఖం నీది కాదు. కోర్టుకెళ్తే అవతలివాడు మొదట వేసే ప్రశ్న అదే. అదృష్టం ఏమిటంటే ఈ బొమ్మలో పాత్ర తన సొంతం. సొంతమైనప్పుడు దారి సూటిగా ఉంటుంది. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గీసిన క్షణం నుంచే హక్కు. 2013 కాపీరైట్ నియమాల ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, వాళ్లకు అందిన 36 గంటల్లో ఆ సైటు స్పందించాలి. 21 రోజుల్లో మనం కోర్టు ఉత్తర్వు తేకపోతే, తీసేసినదాన్ని సైటు మళ్లీ పెట్టుకోవచ్చు. చాలామంది అమ్మకందారులు అంతదూరం రారు, తీసేస్తారు. లేయర్లున్న అసలు ఫైలు, తేదీతో సహా, ఫిర్యాదుతో జతచేశాం. అందుకే ఆ ఫైళ్లు పారేయకూడదు.

ఏఐ సంగతి ఒక్క మాట. 2025 మార్చిలో అందరూ తమ ఫోటోల్ని గిబ్లీ బొమ్మలుగా మార్చుకున్న పిచ్చి గుర్తుందా? శైలికి కాపీరైట్ లేదు కాబట్టి ఆ రంగులు, ఆ మబ్బులు ఎవరైనా వాడొచ్చు, మన బాపు గీతలా గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేనట్టే. కానీ ఆ మబ్బుల కింద టొటొరోను నిలబెడితే కథ వేరు. ఆర్టిస్ట్ ఆలీలో మాత్రం చట్టంతో పనిలేదు. యంత్రంతో తీసిన ప్రింటు బల్ల మీద పెడితే పక్క టేబుల్ వాళ్లు పలకరించరు.

రెండో రోజు సాయంత్రం లెక్క చూసుకుంటే, మొట్టమొదట ఖాళీ అయిన షీట్ నేను అస్సలు ఊహించనిది. దుప్పటి కప్పుకుని ఫోన్ పట్టుకున్న ఒక పిల్ల, పైన తెలుగు అక్షరాల్లో “ఇంకొక్క ఎపిసోడ్, అంతే”. చుట్టుపక్కల పీజీల నుంచి వచ్చిన మనవాళ్లు తెలుగు అక్షరం చూసి ఆగడం, నవ్వడం, మూడేసి తీసుకోవడం. ఆ బొమ్మ కోసం ఏ కమిటీకీ రాయక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో పర్పుల్ లైన్ మెట్రోలో ఒళ్లో పెట్టె పెట్టుకుని వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది.

“టేబుల్ అద్దె పోను కొంచెం మిగిలింది నాన్నా. పోలీసులెవరూ రాలేదు. వచ్చే ఆదివారం వస్తావుగా, లేపాక్షి మీదుగా రా. నంది ఫోటోలు, పైకప్పు మీది బొమ్మల ఫోటోలు దగ్గరగా తియ్యి. ఒక సిరీస్ గీస్తా.”

“ఆ నందికి ఓనరెవరూ లేరు కదా?”

“నంది ఎవరిదీ కాదు. ఫోటో నువ్వు తీస్తే దానికి ఓనర్ నువ్వే. నన్ను వాడుకోనిస్తావా మరి?”

బావ కాసేపు ఆలోచించి, రాసివ్వాలా అని అడిగాడు.